బలం సూది

శ్రీరాంపూర్,
జనవరి 20

నా బంగారు తల్లీ జమునా,

కాగితం చూసి నవ్వుతున్నావని తెలుసు. అరచేతిలో ఫోనుండగా ఈ మనిషికి ఉత్తరాల పిచ్చి ఎక్కడిదని. ఏం చేయను బిడ్డా, మీ ఇంట్లో ఫోను మోగితే అది నీ ఒక్కదానికి మోగదు. మీ అత్తమ్మ స్పీకరు పెట్టమంటుంది. పసుపు చేనుకు కూలికి వచ్చిన ఆడవాళ్లు కూడా మన క్షేమసమాచారాలు విని, తలా ఒక మాట చెప్పి పోతారు. మీ అత్తమ్మ శంకరవ్వ నాకు చెల్లె వరస, మనసు మంచిదే, కాదనను. కానీ ఆమె వింటుంటే నా నోరు "తిన్నవా బిడ్డా, మంచిగున్నవా" దాటి రాదు. అందుకే నిన్ను కన్న మీ అవ్వ చేసిన తీపి గరిజెల డబ్బా అడుగున ఈ కాగితం పెట్టి పరశురాములుతో పంపుతున్నాను. గుర్తున్నాడు కదా, నాతో బొగ్గుబాయిలో పనిచేసి ఇప్పుడు సొంత కారు కిరాయికి నడుపుకుంటున్నాడు. వారానికి ఒకసారైనా మెట్‌పల్లి దిక్కు కిరాయి తగులుతుందట, మీ ఊరు దారిలోనే.

ఇంకో మాట. కలం పట్టుకుంటే నాకు నోటి తెలుగు రాదు. పదో తరగతిలో పంతులు బెత్తంతో నేర్పిన తెలుగే వస్తుంది. బాపు ఏదో పెద్దమనిషిలా రాస్తున్నాడని బెదరకు.

నిన్ను ఏడో నెలలోనే తెచ్చుకుందామని దినం పెట్టుకున్నాం. రెండు రోజుల ముందు మా అంతయ్య అన్న కాలం చేశాడు. మైల తీరేసరికి నీకు ఎనిమిదో నెల పడింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి, కానీ సరి నెలలో కడుపుతో ఉన్న పిల్లను ఊరు దాటించరాదని మీ అవ్వా మీ అత్తమ్మా ఒకే మాట మీద ఉన్నారు. వాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉండటం నేను చూడటం ఇదే మొదలు. ఫిబ్రవరి 12న తొమ్మిదో నెల పడుతుంది. ఆ పొద్దున్నే కారు తీసుకుని మీ గడప ముందు ఉంటాను. మీ అవ్వ ఇప్పటికే ముందుగదికి సున్నం వేయిస్తానంటున్నది. గోడలకు కాదు, నాకు వేయించేటట్టు ఉంది.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం ఫోనులో నువ్వు ఒక్క మాట చెప్పటానికి మూడుసార్లు ఆగావు. వెనుక నుంచి మీ అత్తమ్మ "కడుపుల పిల్ల పైకి తంతే గట్లనే దమ్మొస్తది, నాకు రాలేదా" అన్నది. నువ్వు నవ్వావు. నవ్వుతూ దగ్గావు. ఆ దగ్గు నాకు నచ్చలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతున్నదా? ఎన్ని దిండ్లు వేసుకుంటున్నావు? కాలి మీద వేలితో నొక్కితే గుంట పడుతున్నదా? ఇవన్నీ నాకు ఉన్నది ఉన్నట్టు రాసి, ఖాళీ డబ్బాలో పెట్టి పరశురాములు చేతికి ఇవ్వు. ఈసారి మెట్‌పల్లికి చూపించుకోవటానికి పోయినప్పుడు, ఛాతీ మీద గొట్టం పెట్టి గుండె చూడమని డాక్టరమ్మను అడుగు. బాపు చెప్పాడని అనకు. నీకే అనుమానం వచ్చినట్టు అడుగు.

ఎందుకని మాత్రం నన్ను అడగకు. రిటైరైన మనిషికి పనిలేక పుట్టిన చాదస్తం అనుకో. అల్లుడు రంజిత్ ఫోను చేస్తే అడిగానని చెప్పు. మస్కట్‌లో చలి ఉంటుందా, ఉండదా? మీ అవ్వ అతనికి స్వెట్టరు పంపుదామంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియటం లేదు.

నీ క్షేమమే కోరుకునే,
బాపు
నాగయ్య

*

శ్రీరాంపూర్,
జనవరి 31

నా తల్లీ జమునా,

నీ నాలుగు వరుసలు అందాయి. "మంచిగనే ఉన్న బాపూ. గోడకు ఒరిగి కూసుంటే నిద్ర పడుతున్నది. డాక్టరమ్మకు తీరిక లేకుండె, గొట్టం పెట్టలే. నువ్వు ఫికర్ చెయ్యకు." అంతే రాశావు. గోడకు ఒరిగి కూర్చుంటే నిద్ర పడుతున్నదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ అవ్వకు చదివి వినిపించేటప్పుడు ఆ మాట దాటేసి చదివాను. నాకు దాటేయటం కొత్త కాదు.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను నూరు ఆడలేదు బిడ్డా, ఒక్కటే ఆడాను. అది నీ గుండె గురించి.

నీకు అప్పుడు పదకొండేళ్లు. గొంతునొప్పి, జ్వరం వచ్చి పోయింది. పదిహేను రోజులకు మోకాళ్లు వాచాయి. అవి తగ్గితే మడమలు, మడమలు తగ్గితే మోచేతులు. పెరిగే పిల్లకు నొప్పులు మామూలే అన్నది మీ అవ్వ. వారం రోజులు నిన్ను బడికి ఎత్తుకుని తీసుకుపోయాను. తర్వాత భయం వేసి కరీంనగర్ తీసుకుపోతే, అక్కడి గుండె డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కీళ్లనొప్పి దానంతట అదే పోతుంది, కానీ ఆ జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది అన్నాడు. ఇరవై ఒక్క రోజులకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయించాలి, నలభై ఏళ్లు వచ్చేదాకా ఆపరాదు, ఆపితే మళ్లీ జ్వరం వచ్చి కవాటం ఇంకా ముడుచుకుపోతుంది అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నువ్వు అడిగావు, "బాపూ, నాకేమైంది?" అని. "ఏం గాలే బిడ్డా, జర బలం తక్కువున్నది. బలం సూదులు రాసిండు" అన్నాను. నువ్వు సంతోషపడ్డావు.

మన కాలనీ సంగతి నీకు తెలుసు. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగిళ్లలో "చిరంజీవ" అంటారు. ఆడపిల్లకు గుండెజబ్బని ఒకసారి పేరు పడితే ఇక చెరగదు. అందుకని నిన్ను ఇక్కడ ఎక్కడా చూపించలేదు. ఫస్టు షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన మసి కడుక్కుని, బండి వెనుక నిన్ను ఎక్కించుకుని మంచిర్యాల పోయేవాణ్ణి. సూది వేసినప్పుడల్లా రెండు రోజులు కుంటుతూ నడిచేదానివి. స్నేహితురాళ్లు అడిగితే "బలం సూది" అని గొప్పగా చెప్పుకునేదానివి. పదకొండేళ్లు అట్లా తిరిగాం. ఒక్కటి తప్పించలేదు. ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను.

నీ పెళ్లికి నెల ముందు నేనొక్కణ్ణే డాక్టరు దగ్గరికి పోయాను. "పెళ్లి చెయ్యండి, తప్పులేదు. సూదులు మాత్రం ఆపొద్దు. కడుపు రాకముందే పిల్లను నాకు చూపించాలి. కడుపులో బిడ్డ పెరిగిన కొద్దీ ఒంట్లో రక్తం పెరుగుతుంది. కవాటం సందు సన్నగా ఉంటే ఆ రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. ముందే చూసి, అవసరమైతే సందు తెరిచి, ఆ తర్వాతే కడుపు" అన్నాడు. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. తలూపటంలో నన్ను మించినవాడు లేడు.

చూపుల నాడు మీ అత్తమ్మ అడగనే అడిగింది. "అన్నా, అడుగుతున్ననని ఏమనుకోకు. పొల్లకు రోగమో నొప్పో ఏమన్న ఉన్నదా? పిల్లగాడు మస్కట్‌ల ఉంటడు, ఇంట్ల నేనొక్కదాన్ని, చేను పని" అన్నది. అంత మర్యాదగా అడిగింది. నేనేమన్నానో తెలుసా? "గట్టి పిల్ల చెల్లె. సూదికి సుత ఏడ్వది" అన్నాను. అందరూ నవ్వారు. మీ అవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు.

పెళ్లయ్యాక ఇరవై ఒక్క రోజులకు ఒకసారి నిన్ను ఏ పేరు చెప్పి పిలిపించుకోను? "నీకు బలమొచ్చింది బిడ్డా, ఇగ సూదులు చాలు" అని చెప్పాను. నువ్వు ఎందుకని అడగలేదు. నీకు కడుపు వచ్చిందని తెలిసిన రోజు మీ అవ్వ మిఠాయి పంచింది, నేను గదిలో కూర్చుని ఏడ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఐదో నెలలో తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను, మీ పసుపుకు కలుపు పని అన్నారు. ఏడో నెలలో అనుకున్నాను, మా అన్న పోయాడు. ఇప్పుడు ఎనిమిదో నెల. ఫిబ్రవరి 12న నిన్ను కారెక్కించి, ఇంటికి కాకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, మీ వాళ్లకు తెలియకుండా వైద్యం చేయించి, కాన్పు అయ్యాక తల్లినీ పిల్లనూ చక్కగా అప్పజెప్పాలని నా పథకం. నీ నాలుగు వరుసలు చదివాక ఆ పన్నెండు రోజులు నాకు పన్నెండేళ్లలా ఉన్నాయి.

కాబట్టి ఈ ఉత్తరం అందిన గంటలో మీ అత్తమ్మకు చదివి వినిపించు. నెల చూడవద్దు. కరీంనగర్ పోయి గుండె డాక్టరుకు చూపించండి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఇప్పుడు పడనీ. మీ అత్తమ్మ నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నువ్వు ఒక్కదానివి బాగుంటే చాలు.

నీకు ముఖం చూపించలేని,
బాపు

*

కరీంనగర్,
ఫిబ్రవరి 22

జమునా, నా తల్లీ,

ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీ మీద కూర్చుని రాస్తున్నాను. దీనితో పాటు జనవరి 31 తేదీ వేసిన ఉత్తరం కూడా నీ చేతికి వస్తుంది. ముందు అది చదువు. అది నేను నీకు పంపలేదు.

రాసిన మాట నిజం. డబ్బాలో పెట్టిన మాట కూడా నిజం. పరశురాములు కారు స్టార్టు చేశాక కిటికీలోంచి డబ్బా అందించాను. కారు కదలబోతుంటే "జర ఆగు, మీ వదిన ఇంకేదో పెడతనంటున్నది" అని డబ్బా మళ్లీ తీసుకుని, ఉత్తరం తీసి నా అంగీ జేబులో పెట్టుకున్నాను. పన్నెండు రోజులే కదా, ఇన్నాళ్లు ఏమీ కాలేదు కదా, ఇప్పుడు చెప్పి పిల్ల కాపురం పాడు చేయటమెందుకు అనిపించింది. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే ఆరు రోజులు తిరిగాను.

ఆరో తేదీ మధ్యాహ్నం మీ వాకిట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. నువ్వు ఆరబోసిన పసుపు కొమ్ములు తిరగేస్తూ కూలబడ్డావట. పెదవులు నల్లబడ్డాయట, దగ్గితే ఎర్రటి నురగ వచ్చిందట. ఎనిమిదో నెల, పిల్లను ఊరు దాటించొద్దని పక్కింటివాళ్లు అంటుంటే మీ అత్తమ్మ "నెల పాడుగాను! మనిషి పోతుంటే నెల చూస్తరా?" అని, రోడ్డు మీద పోయే బండిని ఆపి నిన్ను ఎక్కించిందట. ఆమెకు నీ గుండె సంగతి ఏమీ తెలియదు. అయినా ఆమె నెల చూడలేదు. అన్నీ తెలిసిన నేను చూశాను.

సాయంత్రం నాలుగింటికి ఈ ఆస్పత్రి నుంచి మీ అత్తమ్మ ఫోను వచ్చింది. "అన్నా, డాక్టర్ అడుగుతుండు, పొల్లకు చిన్నప్పుడు కీళ్లనొప్పులు వచ్చినయా, సూదులు ఇప్పిచ్చిండ్రా అని. నేను లేదంటున్న. నువ్వొకసారి చెప్పు" అన్నది. స్పీకరు పెట్టి ఉంది. డాక్టరు, నర్సులు, మీ ఊరివాళ్లు ఇద్దరు ఉన్నట్టున్నారు. నేను చెప్పాను. పదకొండేళ్ల వయసులో జ్వరం, కవాటం, పెన్సిలిన్, మూడేళ్ల కింద ఆపేసిన సంగతి, అన్నీ. తర్వాత మీ అత్తమ్మ గొంతు వినిపించింది. "నన్ను మోసం చేసినవన్నా. గా ముచ్చట తర్వాత చూసుకుందాం. ఆఖరు సూది ఎప్పుడు ఇప్పిచ్చినవో గది చెప్పు ముందుగాల" అన్నది.

నేనూ మీ అవ్వా వచ్చేసరికి నిన్ను లోపలికి తీసుకుపోయారు. తొడ దగ్గరి రక్తనాళం గుండా బుడగ పంపి కవాటాన్ని తెరిచారు. బతికావనుకున్నాం. పదహారో తేదీన నొప్పులు వాటంతట అవే వచ్చి పాప పుట్టింది. కిలో ఆరువందల గ్రాములట. గాజుపెట్టెలో పెట్టారు. ఇక గండం దాటిందని మీ అవ్వ దండం పెట్టుకుంటుంటే డాక్టరు "కాన్పు తర్వాత మూడు రోజులే అసలు గండం. ఇన్నాళ్లు బిడ్డ కోసం తిరిగిన రక్తమంతా ఒక్కసారి గుండె మీదికి వస్తుంది" అన్నాడు. ఆయన అన్నట్టే మూడో రోజు నీ ఊపిరితిత్తులు మళ్లీ నిండాయి. రెండు రోజులు గొట్టం వేసి మిషను మీద పెట్టారు. నిన్న తీశారు.

ముప్పై ఒక్క ఏళ్లు బాయిలో పనిచేశాను బిడ్డా. లోపల పైకప్పు కూలబోతూ చప్పుడు చేస్తే, మొదట ఎవరి చెవిన పడితే వాడు కేక వేయాలి. ఎవడి పని వాడు వదిలేసి పరుగెత్తాలి. నా కేక పెద్దదని షిఫ్టులో అందరికీ పేరు. ఆ కేకతో ఇద్దరు మనుషులు బయటపడ్డారు కూడా. ఇంట్లో చప్పుడు పద్నాలుగేళ్లు విన్నాను, నోరు తెరవలేదు.

లోపలికి ఒక్కరినే పంపుతారు. మీ అత్తమ్మే పోతున్నది. నేను అడగలేదు. ఆమె నాతో మాట్లాడటం లేదు, కానీ పొద్దున బయటికి వచ్చి, మీ అవ్వకు చాయ్ గ్లాసు ఇచ్చి, నా ముందు కూడా ఒకటి పెట్టి పోయింది.

ఒక్కటి అడుగుతాను. మీ అవ్వ ముందుగదికి సున్నం వేయించింది, మంచం వేసింది, పాత చీరలు ఉతికి పాప కోసం పొత్తిగుడ్డలు చింపి పెట్టింది. తొలి కాన్పు కరీంనగర్‌లో అయిపోయినా, బాలింతతనమైనా మన ఇంట్లో జరగాలని ఆమె ఆశ. డిశ్చార్జి రోజు పరశురాములు కారు తీసుకొస్తాను. మన ఇంటికి వస్తావా? నన్ను క్షమించానని అనక్కర లేదు. వస్తే చాలు.

బాపు

*

కరీంనగర్,
మార్చి 13

బాపూ,

నీ రెండు ఉత్తరాలూ చదివి చాలా రోజులైంది. ఒక్కసారి కూర్చుంటే పది వరుసలకు మించి రాయలేను. అందుకే ఇది మూడు పూటల ఉత్తరం. అక్షరాలు మధ్యలో మారితే కంగారుపడకు.

ముందు పాప సంగతి. గాజుపెట్టెలోంచి బయటికి ఇచ్చారు. రెండు కిలోలు దాటింది. చెవులు అచ్చం నీవే, అదొక్కటే నాకు దిగులు. పేరు ఇంకా అనుకోలేదు.

ఇక నా సంగతి. నీకు చెప్పకుండా దాచింది నా దగ్గర కూడా ఒకటి ఉంది. నా గుండె సంగతి నాకు పదిహేనో ఏటి నుంచే తెలుసు. పదో తరగతిలో బస్సు పాసుకు కాగితాలు కావాలని ఇనుప పెట్టె వెతికితే, నీ షిఫ్టు చీటీల కింద ఆస్పత్రి కార్డు దొరికింది. దాని మీద ఇంగ్లీషులో రాసి ఉన్న జబ్బు పేరు చూసుకుని, మా సైన్స్ మేడమ్‌ను మా బంధువుల పిల్లకు ఇట్లా రాశారు, ఏమిటని అడిగాను. ఆమె బొమ్మ గీసి మరీ చెప్పింది. కార్డు ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆ నెల సూదికి నీ బండి వెనుక కూర్చుని పోతూ, నువ్వు మంచిర్యాల దాకా ఏవేవో హాస్యాలాడుతుంటే, నాకు తెలుసని నీకు చెప్పబుద్ధి కాలేదు. నీ హాస్యాలు ఆగిపోతాయని భయం వేసింది.

చూపుల నాడు అత్తమ్మ అడుగుతుంటే తలుపు వెనుక నేను వింటున్నాను. రంజిత్ నాకు నచ్చాడు బాపూ. నువ్వు ఎక్కడ నిజం చెప్పేస్తావోనని భయపడ్డాను. గట్టి పిల్ల అని నువ్వు అన్నాక ఊపిరి పీల్చుకున్నాను. పెళ్లయ్యాక సూదులు ఇక చాలు అన్నావు. ఎందుకని నేను అడగలేదని రాశావు. తెలిసే అడగలేదు. రోగం లేని ఆడపిల్లలా నాలుగు రోజులు బతకాలని ఉండింది. మెట్‌పల్లిలో డాక్టరమ్మ మొదటిసారే "పాత జబ్బులేమన్న ఉన్నయా" అని అడిగింది. అత్తమ్మ పక్కన కూర్చుని ఉంది. "ఏం లెవ్వు మేడమ్" అన్నాను. గొట్టం పెట్టటానికి ఆమెకు తీరిక లేదని నీకు రాశాను కదా, అదీ అబద్ధమే. నేను ఆమెను అడగలేదు, ఆ నెల చూపించుకోవటానికి పోనే లేదు, ఒంట్లో బాగానే ఉందని అత్తమ్మను ఆపేశాను.

కాబట్టి తప్పంతా నీదే అన్నట్టు వరండాలో కూర్చుని ఏడవకు. సగం నాది.

కానీ ఒకటి మాత్రం నీతో చెప్పకుండా ఉండలేను. గోడకు ఒరిగి కూర్చుంటే నిద్ర పడుతున్నదని రాసింది ఊరికే కాదు. ఆ ఒక్క మాట చదివితే నువ్వు ఉన్న పళంగా వచ్చేస్తావనుకున్నాను. పరశురాములు చిన్నాన్న ఖాళీ డబ్బా తీసుకుపోయినప్పటి నుంచి రోజూ వాకిట్లో పసుపు తిరగేస్తూ రోడ్డు దిక్కు చూశాను. అత్తమ్మ పసుపు పని వద్దన్నా అందుకే బయట కూర్చునేదాన్ని. నీ ఫోను మోగినప్పుడల్లా ఇయ్యాల బాపు చెప్తడు అనుకునేదాన్ని. నువ్వు చెబితే నేనూ ఒప్పేసుకుందామని. నువ్వు తొమ్మిదో నెల కోసం చూశావు, నేను నీ కోసం చూశాను.

రంజిత్‌కు నేనే చెప్పాను, నాకు తెలుసన్న సంగతితో సహా. రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు చేసి "కనీసం నాకన్న చెప్పకపోతివి" అన్నాడు. ఆ తర్వాత పాపను చూపించమన్నాడు. ఏప్రిల్‌లో ఇంటికి రావటానికి ఛుట్టీ దొరుకుతుందట. ఇంకో కాన్పు ఉండరాదని డాక్టరు రాసిచ్చాడు. కవాటం మళ్లీ బిగుసుకుంటే ఆపరేషను చేయాల్సి వస్తుందట, ఎన్నేళ్లకో చెప్పలేరట. నా గుండె ఎప్పటికీ మామూలు మనిషి గుండె కాదు. ఈ మాట రాయటానికే ఈ పూట అయిపోయింది.

అత్తమ్మకు చెప్పటమే అన్నిటికన్నా కష్టమైంది. నీ ఉత్తరాలు రెండూ ఆమెకు చదివి వినిపించాను. నా సంగతి కూడా చెప్పాను. నాలుగు రోజులు "నోరు తెరువు", "గోలి మింగు" తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో రోజు నా తల దువ్వుతూ, "నీకు రోగమున్నందుకు కాదే నా కోపం. బాపు, బిడ్డ కలిసి నన్ను పరాయిదాన్ని చేసిండ్రు. అడిగిన కద నేను? నోరు తెరిచి అడిగిన కద?" అని ఏడ్చింది. ఆమెకు చదువు రాదు కదా, నర్సును అడిగి పొద్దుటి గోలీలకు ఒక గిన్నె, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి పెట్టుకుంది. ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు.

అవ్వ సున్నం వేయించిన గదిలో పడుకోవాలని నాకూ ఉంది. కానీ మన ఇంట్లో ఒంట్లో బాగాలేదని చెప్పటం నాకు రాదు. నాకే కాదు, మన ముగ్గురికీ రాదు. నాకు దమ్ము వస్తే దగ్గినట్టు చేస్తాను. అవ్వ చూసీ చూడనట్టు వంటింట్లోకి పోతుంది. నువ్వు ఏదో ఒక హాస్యం ఆడతావు, నేను నవ్వుతాను. ఒకరి మనసు ఒకరం కాపాడుకుంటూ ముగ్గురం కలిసి నన్ను చంపేస్తాం. ఈసారి నా గుండెకు అంత ఓపిక లేదు.

మొన్న పొద్దున ఊపిరి బరువైంది. "అత్తమ్మా, దమ్మొస్తున్నది" అని గట్టిగా అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావటం అదే మొదలు. ఆమె తిట్టుకుంటూ పోయి నర్సును వెంటబెట్టుకుని వచ్చింది. మందు మార్చారు, తగ్గింది. అంతే బాపూ, అంత తేలిక.

ఎల్లుండి డిశ్చార్జి. నేను అత్తమ్మతో పోతున్నాను. తొలి కాన్పు పిల్ల పుట్టింటికి పోలేదని ఊళ్లో నలుగురూ అనుకుంటారు. మీ కాలనీలో ఇంకో నలుగురు అనుకుంటారు. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ మీద కోపంతో కాదని రాద్దామనుకున్నాను. కోపం కూడా ఉంది. ఇక అబద్ధం రాయను.

కారు తేవద్దు. ఒక వారం పోయాక నువ్వూ అవ్వా పొద్దుటి బస్సుకు రండి. పాపను ఎత్తుకుని, అన్నం తిని, సాయంత్రం బస్సుకు మీ ఇంటికి పోదురు.

నీ బిడ్డ,
జమున